మంచె, బురుజు, గోపురము

ఎత్తైన చోటు కనబడితే పిల్లల కాళ్ళు నిలువవు. పెద్దవాళ్ళము పైకి చెప్పము గాని మనదీ అదే బుద్ధి. సెలవులలో ఏ ఊరు వెళ్ళినా "ఇక్కడ పైకెక్కి చూచే చోటు ఏదైనా ఉన్నదా?" అని అడుగుతాము. పారిస్ వెళ్ళినవారు 1889లో కట్టిన ఈఫిల్ టవరు ఎక్కుతారు. దుబాయి చూడబోయినవారు 2010లో తెరచిన బుర్జ్ ఖలీఫాలో 124వ అంతస్తుకు లిఫ్టులో వెళ్ళి ఎడారిని, సముద్రమును ఒక్కసారే చూచి వస్తారు. మరి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు కుటుంబము, రెండు దినముల సెలవు, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు పెట్టుకొని ఎక్కడ ఎక్కి చూడాలి? ఈ ప్రశ్న మా సంఘములోని పిల్లలు మమ్ములను అడిగారు. దానికి జవాబుగానే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందే చెప్పవలసినదేమంటే, లిఫ్టు పెట్టి, అద్దాలు బిగించి, చూపు కోసమే కట్టిన టవరును మేమెక్కడా వెదకలేదు. మేము ఎక్కినవన్నీ వేరే పనికి కట్టినవి. పంట కాయడానికి ఒకటి, దొంగలను కనిపెట్టడానికి ఒకటి, నీరు ఆపడానికి ఒకటి, దేవుని స్తుతించడానికి ఒకటి. వాటిమీద నిలబడి చూచే సరదా మనము తరువాత కలుపుకొన్నది.

2025 దసరా సెలవులలో ఒక తుఫాన్ బండి మాట్లాడుకొని పదకొండుమందిమి బయలుదేరాము. మా కుటుంబము నలుగురము, యౌవనుల కూటమి నుండి ఐదుగురు, ఎల్లారెడ్డిలో మా భోజనాల భారము నెత్తిన వేసుకొన్న ఒక సంఘపెద్ద, చివరికి డెబ్బై దాటిన ఒక అవ్వ. అవ్వను ఎందుకు తీసుకొని వెళ్ళామని చాలామంది అడిగారు. ఆమె పేరు వ్రాయము, వ్రాస్తే కోపపడుతుంది. బండి ఎక్కేముందే ఆమె మాతో ఖరారుగా చెప్పింది: "అయ్యగారూ, మీరు ఎక్కుండ్రి, దిగుండ్రి. నేను కింద కూసుంట. నా బిడ్డ ఇంటికాడ ఒక్క గంట ఆపితె సాలు." ఆమె బిడ్డను ఇచ్చినది పోచారము చెరువు కట్టకు దిగువన ఉన్న ఒక ఊరు. ఆగస్టు వరదల తరువాత తల్లీ బిడ్డా కలుసుకోలేదు.

బయలుదేరడానికి ముందు రోజు సాయంత్రము పిల్లలను దోమకొండ తీసుకొని వెళ్ళాము. కామారెడ్డికి తూర్పున దగ్గరలోనే ఉన్నది. అక్కడి సంస్థానాధీశుల కోట, లోపల అద్దాల మేడ, మహాదేవుని గుడి, చుట్టూ రాతి గోడ, మూలమూలనా బురుజులు. శిథిలమవుతున్న దానిని ఆ వంశీకులే పూనుకొని బాగుచేయించారు. 2022లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ బహుమతులలో దానికి ఒకటి దక్కింది. మన పక్క ఊరి కోటకు అంత గుర్తింపు వచ్చినా మా పిల్లలలో సగముమందికి ఆ సంగతి తెలియదు.

బురుజు దగ్గర ఒక పిల్లవాడు అడిగాడు: "అయ్యగారూ, బుర్జ్ ఖలీఫాలో బుర్జ్, ఈ బురుజు ఒకటేనా?" ఒకటే. అరబ్బీ మాట పారశీకము ద్వారా, ఉర్దూ ద్వారా మన ఊళ్ళకు వచ్చి బురుజు అయింది. తెలంగాణలో ఎన్నో పల్లెలలో ఊరి నడుమనో, గడి మూలనో మట్టితోనో రాతితోనో కట్టిన గుండ్రని బురుజు ఇంకా నిలిచి ఉన్నది. దోపిడి దండు వస్తున్నదా, ఏ దిక్కున దుమ్ము లేస్తున్నదా అని పైన ఒక మనిషి కాపు ఉండేవాడు. ఆ మాట విన్నంతనే అవ్వ కొడుకు గుర్తుకు వచ్చాడు. మా జిల్లా నుండి గల్ఫు దేశాలకు వెళ్ళినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆమె కొడుకు దుబాయిలో పదమూడేళ్ళుగా సెంట్రింగు పని చేస్తున్నాడు. క్రిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు "ఏమయ్యా, ఆ పెద్ద బుర్జ్ ఎక్కినావా?" అని అడిగితే నవ్వాడు. "టికెట్టు పైసలు ఇంటికి పంపితె నెలకు బియ్యమొస్తయి అయ్యగారూ. కిందికెల్లి సూసిన, మెడ నొచ్చింది" అన్నాడు.

మరుసటి ఉదయము తాడ్వాయి మీదుగా లింగంపేట దారి పట్టాము. వరదకు కోసుకుపోయిన చోట్ల మట్టి పోసి సర్దిన రోడ్డు. బండి మెల్లగా పోవడము వలన పిల్లలకు ఒక లాభము కలిగింది. మక్కజొన్న చేనిలో మంచె కనబడింది.

నాలుగు గుంజలు, పైన కర్రలు పరచి గడ్డి కప్పిన గూడు, ఎక్కడానికి కట్టెల నిచ్చెన. మన ప్రాంతములో అసలైన వాచ్ టవరు ఇదే. ఒకప్పుడు జొన్న చేలలో పిట్టలు కొట్టడానికి వడిసెల చేతబట్టుకొని పిల్లలే మంచె మీద ఉండేవారు. నేడు పిట్టల బాధకంటె అడవి పందుల బాధ, కోతుల బాధ ఎక్కువ. చేను కోతకు వచ్చింది గనుక మంచె ఇంకా పీకలేదు. ఆ రైతును అడిగితే సంతోషముగా ఎక్కనిచ్చాడు. నేల నుండి పదడుగులు ఉంటుందేమో. అయినా ఆ పదడుగులకే చేను రూపు మారిపోయింది. క్రింద నిలబడితే ఎదుట గోడలాగా కనిపించే మక్క, పైనుండి చూస్తే మూలమూలలు లెక్కకు వచ్చే పొలమైంది. ఎక్కడ పంది దూరి తొక్కిందో, ఎక్కడ నీరు నిలిచి పచ్చబడిందో తెలిసింది.

"పగటీలి ఎక్కితె సంబురమే సారూ. రాత్రి రెండుకొట్టంగ మంచుల కూసుంటె తెలుస్తది" అన్నాడు ఆ రైతు. అతడు నెల దినములనుండి ఇంట పడుకోలేదట. యెషయా ప్రవక్త దోసతోటలోని పాకను గూర్చి వ్రాశాడని సండేస్కూలులో ఎన్నిసార్లు చెప్పినా మా పిల్లలకు ఎక్కలేదు. ఆ మంచె మీద రెండు నిమిషములు కూర్చోగానే ఎక్కింది. పంట ఉన్నన్నాళ్ళు దానిలో మనిషి ఉంటాడు. పంట కోసిన తరువాత అది గాలికి ఊగుతూ ఒంటరిగా నిలబడి ఉంటుంది. ప్రవక్త చెప్పినది ఆ ఒంటరితనమే.

లింగంపేటలో మా ప్రయాణపు ఉద్దేశమునకు పూర్తిగా ఎదురైన దానిని చూచాము. అది పైకి ఎక్కేది కాదు, క్రిందికి దిగేది. నాగన్న బావి అంటారు. రాతి మెట్లు, మెట్ల నడుమ కమాన్లు, అరుగులు, ఎంత అందమో చెప్పలేము. చెత్తతో, ముళ్ళ పొదలతో నిండి ఉన్న ఈ పాత బావిని ఈ మధ్యనే శుభ్రము చేసి బాగుచేశారు. అవ్వ బండి దిగి మొదటి మెట్టు మీద కూర్చున్నది ఇక్కడే. "గిది నాకు నచ్చింది" అన్నది. ఎందుకని అడిగితే "నీళ్ళు కిందనే ఉంటయి గద" అన్నది. మా ఊరి పిల్లలు కొండలను చూచి మురుస్తారు, ముసలివాళ్ళు నీటిని చూచి మురుస్తారు. కరువు చూచిన కండ్లు మరి.

మధ్యాహ్నము ఎల్లారెడ్డిలో భోజనము. సంఘపెద్దగారి ఇంట నాటుకోడి కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఎల్లారెడ్డి గురించి ఇంతకు మించి వ్రాస్తే తిండి గురించే వ్రాయవలసి వస్తుంది. ఒక్కటి మాత్రము చెప్పాలి. సెలవులలో ఈ చుట్టుపక్కల చూడాలనుకొనే కుటుంబము ఎల్లారెడ్డిలో మకాము పెట్టుకుంటే మేలు. ఒక దిక్కు నిజాంసాగర్, ఇంకొక దిక్కు పోచారము, అదే దారిన ముందుకు పోతే మెదక్. మేము నీరు పారే దిక్కుకు ఎదురుగా ప్రయాణము చేశాము. పోచారములో నిండి పొర్లిన నీరు మంజీరలో కలుస్తుంది. మంజీర నిజాంసాగరమునకు వస్తుంది. అక్కడనుండి సాగిపోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మ్యాపు మీద ఇది పిల్లలకు నీలి గీత. కట్టమీద నిలబడి చూస్తే అలా కాదు.

నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. ఏడవ నిజాము కాలము. ప్లాను నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరుది. కట్టమీద ఒక పక్క నిలబడి చూస్తే అవతలి ఒడ్డు అందదు. దసరా నాటికి నీరు నిండుగా ఉన్నది. సాయంత్రపు ఎండ నీటిమీద పడి కండ్లు మిరుమిట్లు గొలిపాయి. తెల్లకొంగలు గుంపులుగా లేచి మళ్ళీ అదే చోట వాలాయి. మా అమ్మాయి అరగంట సేపు మాట్లాడకుండా నిలబడింది. అది మా ఇంట అరుదైన సంగతి.

అయితే ఎత్తైన చోటునుండి చూస్తే అన్నీ కనబడతాయనే మాట నిజము కాదు. కట్టిన దినములలో ఈ జలాశయములో దాదాపు 30 టీఎంసీల నీరు పట్టేది. ఏళ్ళ తరబడి మంజీర మోసుకొని వచ్చిన ఒండ్రు అడుగున చేరి చేరి, నేడు పట్టేది 17.8 టీఎంసీలే. ఇంత విశాలమైన నీటి అడుగున అంత మట్టి ఉన్నదని పైనుండి ఎవరికి తెలుస్తుంది? పైగా ఎగువన సింగూరు దగ్గర మరొక ఆనకట్ట కట్టి, ఆ నీటిని హైదరాబాదు దాహము తీర్చడానికి వాడుకొన్నారు. ఇక్కడి ఆయకట్టు రైతు ఎన్నో యాసంగులు ఆకాశము వైపు చూచి గడిపాడు. జలాశయము కట్టినప్పుడు ఊళ్ళు కూడా మునిగాయి. కట్టమీద నిలబడి ఫోటో దిగేవారికి ఆ ఊళ్ళు కూడా కనబడవు.

ఫోటోల మాట వచ్చింది గనుక తల్లిదండ్రులకు ఒక మాట. గేట్లు తెరచి ఉన్నప్పుడు క్రింది బండల మీదకు పిల్లలను దిగనివ్వవద్దు. నాచు పట్టిన రాయికి ఈత వచ్చినవాడు, రానివాడు అనే తేడా లేదు. మా పరిచర్యలో ఒకసారి, ఇక్కడ కాదు, వేరొక చోట, సెలవు దినమున నీటి అంచున సెల్ఫీ దిగబోయి జారిన ఒక ఇంటర్ పిల్లవాని సమాధి కార్యక్రమము మేము జరిగించవలసి వచ్చింది. ఆ తల్లి మమ్ములను ఏమీ అడగలేదు. ఆ ఫోను మాత్రము రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నది. ఆ సంగతి ఎరిగిన మా యౌవనులు కట్ట గోడ దాటలేదు.

రెండవ దినము పొద్దున్నే పోచారము చేరాము. నిజాంసాగరమునకంటె ముందుదే ఇది. 1916లో మొదలై 1922లో పూర్తయింది. రాతి కట్టడము. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాముల వేటతోట. నేడు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము, అందులో జింకలను పెంచే కేంద్రము కూడా ఉన్నది. వలస పక్షులు దిగే కాలము చలికాలము. పక్షులకోసమే వెళ్ళదలచినవారు క్రిస్మసు సెలవులకు పెట్టుకోవడము మంచిది. మాకు కొన్ని నీటికాకులు, రెండు జింకలు కనబడ్డాయి. అంతకు మించి చూచామని వ్రాస్తే అబద్ధమవుతుంది.

పోచారము కట్ట ఎక్కడము కష్టము కాదు. అందువలన అవ్వ కూడా ఎక్కింది. ఆమె బిడ్డ, అల్లుడు అక్కడికే వచ్చి మాకొరకు ఎదురు చూస్తున్నారు. తల్లీ బిడ్డా ఒకరినొకరు పట్టుకొని చాలాసేపు ఏడ్చారు. మేము పిల్లలను కొంచెము దూరము తీసుకొనిపోయి జలాశయమును చూపిస్తూ నిలబడ్డాము.

2025 ఆగస్టు 27, వినాయక చవితి దినము. ఆ రోజు కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కురిసిన వాన మన పెద్దవాళ్ళెవరూ ఎరుగనిది. రాజంపేట మండలము అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డి పట్టణములో కాలనీలు మునిగాయి, రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయాయి. పోచారములోనికి కట్టినవారి లెక్కకు మించిన నీరు వచ్చి పడింది. మత్తడి మీదనుండే కాదు, కట్ట పక్కనుండి కూడా నీరు నేలను కోసుకొని దూకింది. కట్ట తెగుతుందని భయపడి దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు.

అవ్వ బిడ్డ చెప్పిన సంగతి ఇది. చీకటి పడిన తరువాత ఊరు విడిచారు. బర్రెలను పగ్గము విప్పి వదిలేశారు. చంకలో పిల్లను, నెత్తిన బియ్యపు మూటను పెట్టుకొని మోకాళ్ళలోతు నీటిలో నడిచి ఎత్తుమీద ఉన్న బడికి చేరారు. ఆ రాత్రి బడిలో ఎవరూ పడుకోలేదు. ప్రతి అలికిడికీ "తెగిందా?" అని అడగడమే. ఇటు కామారెడ్డిలో అవ్వ రాత్రంతా ఫోను కలుపుతూనే ఉన్నది. అది కలియలేదు. తెల్లవారిన తరువాత తెలిసింది, కట్ట నిలిచిందని. నూరేండ్లు దాటిన రాతి కట్ట, కూలివాళ్ళు రాయి మీద రాయి పేర్చి కట్టిన కట్ట, నిలిచింది.

ఊరు నిలిచింది గాని పొలము నిలువలేదు. ఆమె మమ్ములను కట్టకు రెండవ పక్కకు పిలిచింది. అప్పటివరకు మేమందరము జలాశయము వైపే తిరిగి ఉన్నాము. నీళ్ళు, గుట్టలు, అడవి, ఆ చల్లని గాలి. ఆమె వేలుపెట్టి చూపిన తరువాతనే ఇటు చూచాము. పచ్చని వరి మధ్య అక్కడక్కడ పెద్ద పెద్ద తెల్లని మచ్చలు. మొదట నీరు నిలిచిందనుకొన్నాము. నీరు కాదు, ఇసుక. వరద తెచ్చి మేటలు వేసిన ఇసుక. అందులో ఒక మచ్చ క్రింద వారి ముప్పై గుంటలు ఉన్నాయి. ఇసుక తీయించాలంటే జేసీబీకి గంటకింత అని ఇవ్వాలి, ట్రాక్టర్లు కావాలి, తీసిన తరువాత పై మట్టి తెచ్చి పోయాలి. అల్లుడు వ్రేళ్ళమీద లెక్క చెప్పి ఊరుకున్నాడు. అంతకంటె తాను కూడా దుబాయి పోవడమే సులువని అతని ఆలోచన.

"సూడనీకి వచ్చెటోళ్ళు గా దిక్కు సూస్తరు అయ్యగారూ. మేము గీ దిక్కు సూస్తం" అన్నది ఆమె. కోపముగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్లు చెప్పింది. మా యౌవనులలో ఒకడు ఫోను జేబులో పెట్టుకొని "అన్నా, ఇసుక తీసే రోజు చెప్పండి, మేము నలుగురము వస్తాము" అన్నాడు. నలుగురు పారలు పట్టి తీసే ఇసుక కాదది. అయినా అల్లుడు అతని నంబరు వ్రాసుకొన్నాడు. అక్కడే ప్రార్థన చేసుకొన్నాము. అవ్వను ఒక గంట అన్నది గాని రెండు గంటలు ఉండనిచ్చాము. తరువాత ఆమె బండి ఎక్కేటప్పుడు "మెదకు కూడ వస్త" అన్నది. అంతవరకు వస్తానని మాతో చెప్పలేదు.

మెదక్ చేరకముందే దూరమునుండి ఆలయ గోపురము కనబడుతుంది. ఈ ప్రాంతపు క్రైస్తవులలో ఆ గోపురము చూచి బండిలో లేచి నిలబడనివారు ఉండరు. క్రిస్మసుకు, ఈస్టరుకు ఏటేటా వెళ్ళేవారము గనుక దానిని గూర్చి క్రొత్తగా చెప్పడానికి ఏమున్నది అనిపించవచ్చు. అయినా పిల్లలకు చెప్పవలసిన కథ ఒకటి ఉన్నది. మెదక్ పాత పేరు మెతుకు అంటారు. నేటికీ మెతుకుసీమ అనే మాట వాడుకలో ఉన్నది. అన్నము మెతుకు. అటువంటి పేరున్న చోట మొదటి ప్రపంచ యుద్ధపు దినములలో కరువు పడి మెతుకు కరువైంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఊరకే అన్నము పెట్టడముకంటె పని చూపి అన్నము పెట్టడము మేలని ఎంచి 1914లో ఆలయము పని మొదలుపెట్టించారు. పదేళ్ళ తరువాత, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురము ఎత్తు 175 అడుగులు. పగటి వెలుగులో రంగులు విరజిమ్మే అద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము. 1947 నుండి ఇది దక్షిణ ఇండియా సంఘపు మెదక్ అధ్యక్ష మండలమునకు పీఠము. 2024 క్రిస్మసుకు నూరేళ్ళు నిండాయి.

చార్మినారు ఎత్తా, ఇది ఎత్తా అనే వాదము అక్కడ ప్రతి గైడు నోటా వినబడుతుంది. నిజాముకు కోపము వచ్చిందనే కథ కూడా కలుపుతారు. మాకు ఆ పోటీ రుచించదు. ఆకలితో వచ్చినవాడు తట్ట మోసి సాయంత్రము బియ్యము పట్టుకొని ఇంటికి పోయాడు, అది చాలదా?

అవ్వకు ఈ కథ మా నోట వినవలసిన పని లేదు. ఆమె భర్తకు నాయనమ్మ ఆ పనిలో తట్ట మోసిందట. "మా ఇంట్ల గా ముచ్చట చెప్పకుంట బువ్వ తినకపొయ్యేటోళ్ళు" అన్నది. ఆలయములో మోకరించి లేచిన తరువాత, గోడల మీది పలకలన్నిటినీ మా అబ్బాయి చేత చదివించుకొన్నది. చివరికి అడిగింది: "తట్ట మోసినోళ్ళ పేర్లు యాడ రాసిన్రు?" మా అబ్బాయి మా వైపు చూచాడు. వ్రాయలేదని చెప్పాము. ఆమె తల ఊపింది.

చివరి ఎక్కుడు మెదక్ కోట. కాకతీయుల నాటిది, గుట్ట చుట్టును చూచుకొని కట్టారు. ప్రథమ ద్వారము, సింహ ద్వారము, గజ ద్వారము దాటుతూ పోవాలి. పైన ముబారక్ మహలు, పాత ఫిరంగి. ఎండ తగ్గిన తరువాతనే ఎక్కండి, మంచినీళ్ళు మరువకండి, చెప్పులు గట్టివి వేసుకోండి. ఖాళీ సీసాలు తిరిగి తెచ్చుకోండి, తోవ పొడుగునా అవే పడి ఉన్నాయి. మరొక సంగతి కూడా కండ్లకు గుచ్చుకొన్నది. రాతి గోడల మీద బొగ్గుతో, మేకుతో, రంగుతో వందల పేర్లు. ఫలానా వాడు ఫలానా తేదీన ఇక్కడికి వచ్చాడని. అవ్వ అడిగిన ప్రశ్న విన్న మా పిల్లలు ఆ పేర్లను చదువుతూ తమలో తాము ఏదో అనుకొన్నారు.

అవ్వ క్రిందనే కూర్చుంటానన్నది. మొదటి ద్వారము దగ్గర అరుగుమీద కూర్చోబెట్టి మేము వెళ్ళబోతే, ఇద్దరు యౌవనులు వెనుకకు వెళ్ళి "అవ్వా, పది మెట్లు ఎక్కి ఆగుదాం, కాదంటే దిగుదాం" అన్నారు. పది మెట్లకొకసారి ఆగుతూ, ప్రతి ఆగుడులోనూ ఇక చాలంటూ, ఆమె మాకంటె ముప్పావు గంట ఆలస్యముగా చుట్టూ కనబడే చోటికి వచ్చింది. రొప్పు తగ్గేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. క్రింద మెదక్ ఊరు, చెరువులు, వరిమళ్ళు, మధ్యన తెల్లగా ఆలయ గోపురము. ఎప్పుడూ తల పైకెత్తి చూచే గోపురము ఇక్కడనుండి మన కండ్లకు క్రిందుగా ఉన్నది.

ఆమె చేసిన మొదటి పని కొడుకుకు ఫోను కలపమనడము. మా అమ్మాయి వీడియో కలిపింది. ఆదివారము గనుక అతడు రూములోనే ఉన్నాడు. వెనుక రెండంతస్తుల ఇనుప మంచాలు, ఆరేసిన బట్టలు కనబడ్డాయి. "అమ్మా, యాడున్నవే?" అన్నాడు. "కోట మీదున్నరా" అన్నది. అతడు నమ్మలేదు. ఫోను తిప్పి గోపురము చూపింది. చెల్లె ఎట్లున్నదని అడిగాడు. మంచిగనే ఉన్నది, పొలము ఇసుకపాలైందని చెప్పింది. ఇసుక తీయనీకి ఎంతయితదో బావను అడిగి చెప్పమన్నాడు. కొంచెముసేపు ఇద్దరూ ఏమీ అనలేదు.

తరువాత అతడు "మన దిక్కు ఎటున్నదే, జర చూపియ్యి" అన్నాడు. ఎల్లారెడ్డి ఏ దిక్కు, కామారెడ్డి ఏ దిక్కు అని మా పిల్లలు తగవులాడుకొని చివరికి ఒక దిక్కు తేల్చారు. అక్కడ చెట్లు, మసక, దూరాన ఒక గుట్ట గీత తప్ప ఏమీ లేదు. అవ్వ ఫోనును రెండు చేతులతో తల పైకెత్తి అటు పట్టుకొన్నది. "కనవడుతున్నదా బిడ్డా?" అని అడిగింది. "ఇంక జర పైకి" అన్నాడు. మా యౌవనులలో పొడుగరి ఫోను అందుకొని, ఫిరంగి పక్కనున్న రాయి ఎక్కి నిలబడ్డాడు.